ట్రాన్సాక్షన్ హద్దు కంటికి కనబడాలి

జావా అప్లికేషన్లలో ఆబ్జెక్టులను పుట్టించి ఒకదానికొకటి అందించే డిపెండెన్సీ ఇంజెక్షన్ కంటైనర్‌నూ డేటాబేస్‌నూ కలిపే తీరు మీద నాకొక గట్టి అభిప్రాయం ఉంది. డేటాబేస్ ట్రాన్సాక్షన్, అంటే అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదు అన్న పనుల మూట, ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో కోడ్ చదివే మనిషికి కనబడాలి. కంటైనర్ ఆ హద్దును దాచిపెడితే, దానివల్ల ఎంత కోడ్ ఆదా అయినా సరే, ఆ ఆదా మనకు వద్దు. కోడ్ రివ్యూలో ఈ మాట అన్నప్పుడల్లా "అందరూ అనోటేషనే వాడుతున్నారు కదండీ" అని జవాబు వస్తుంది. అనోటేషన్ అంటే క్లాసు మీదో మెథడ్ మీదో పెట్టే గుర్తు, దాన్ని చూసి ట్రాన్సాక్షన్‌ను కంటైనరే తెరిచి మూస్తుంది. అందరూ వాడుతున్నారన్నది నిజమే. దానివల్ల జరిగే నష్టం కూడా నిజమే. ఆ నష్టం ఏ దారిలో వస్తుందో ఓపికగా ఒకచోట రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముఖ్యంగా బెంగళూరుకు కొత్తగా వచ్చి జావా ఉద్యోగాల్లో చేరిన మన పిల్లల కోసం రాస్తున్నాను. మారతహళ్లి, బెళ్లందూరు చుట్టుపక్కల పీజీల్లో ఉంటూ, ఆదివారం నాడు లాప్‌టాప్ తీసుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు కొందరున్నారు. స్ప్రింగ్ అనే కంటైనర్‌ను సిద్ధంగా అమర్చి ఇచ్చే స్ప్రింగ్ బూట్ వాళ్లకు బాగా వచ్చు. ఏ అనోటేషన్ ఎక్కడ పెట్టాలో తడుముకోకుండా చెబుతారు. అది పెట్టినప్పుడు లోపల ఏ ఆబ్జెక్టు పుడుతుంది, ఎంతసేపు ఉంటుంది, ఎవరు దాన్ని మూసేస్తారు అని అడిగితే మాత్రం మాట ఆగిపోతుంది. వాళ్లకు పాఠం చెప్పినవాళ్లూ ఇంటర్వ్యూలు చేసినవాళ్లూ అంతదూరం వెళ్లలేదు మరి.

కంటైనర్, డేటాబేస్ లైబ్రరీ రెండూ ఒకటే అన్న భావన ఊరికే రాలేదు. 2000 ప్రాంతంలో పెద్ద జావా అప్లికేషన్ అంటే ఈజేబీ (ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్). ఒక టేబుల్‌ను ఆబ్జెక్టుగా చూపించాలంటే ఎంటిటీ బీన్ రాయాలి, దానికి తోడు ఇంటర్‌ఫేసులు రాయాలి, ఎక్స్‌ఎంఎల్ రాయాలి, ఇవన్నీ నడవడానికి బరువైన అప్లికేషన్ సర్వర్ లేవాలి. చిన్న టెస్టు నడపాలన్నా ఈ తతంగం తప్పేది కాదు. ఆ బాధలోంచే 2001లో గావిన్ కింగ్ టేబుళ్లను ఆబ్జెక్టులుగా చూపించే హైబర్నేట్ లైబ్రరీ మొదలుపెట్టారు. రాడ్ జాన్సన్ 2002లో రాసిన పుస్తకంతో పాటు ఇచ్చిన కోడ్ పెరిగి పెద్దదై స్ప్రింగ్ అయింది. 2004 మార్చిలో దాని 1.0 వెర్షన్ వచ్చింది. అంతకు రెండు నెలల ముందే మార్టిన్ ఫౌలర్ ఒక వ్యాసంలో ఈ పద్ధతికి డిపెండెన్సీ ఇంజెక్షన్ అనే పేరు ఖాయం చేశారు. 2006 మేలో, హైబర్నేట్ ఆలోచనలు చాలావరకు కలుపుకుని, జావా ఆబ్జెక్టులను డేటాబేస్‌లో భద్రపరిచే జేపీఏ ప్రమాణం వెలువడింది.

అంటే ఈ రెండూ ఒకే ఇబ్బంది మీద కోపంతో పుట్టాయి, ఒకే ప్రాజెక్టుల్లో జంటగా అడుగుపెట్టాయి. మొదట్లో స్ప్రింగ్‌లో ట్రాన్సాక్షన్ కావాలంటే ట్రాన్సాక్షన్ టెంప్లేట్ అనే ఆబ్జెక్టుతో కోడ్‌లోనే హద్దు గీసేవారు, లేదంటే ఎక్స్‌ఎంఎల్‌లో ప్రాక్సీని, అంటే అసలు ఆబ్జెక్టుకు ముందు నిలబడి పిలుపులు అందుకునే మారు ఆబ్జెక్టును, వివరించేవారు. జావా 5లో అనోటేషన్లు వచ్చాక, 2005లో స్ప్రింగ్ 1.2తో ట్రాన్సాక్షనల్ అనోటేషన్ చేరింది. ఒక్క మాట మెథడ్ మీద పెడితే చాలు, మిగిలినదంతా కంటైనర్ చూసుకుంటుంది. అప్పటి ఎక్స్‌ఎంఎల్‌తో విసిగిపోయిన వాళ్లకు అది ఎంత ఊరటో నేను ఊహించగలను. కానీ తరువాతి తరానికి టెంప్లేట్ అనేది ఒకటుందని కూడా తెలియకుండా పోయింది.

కంటైనర్ బాగా చేయగల పని ఒకటుంది. అప్లికేషన్ లేచినప్పుడు పుట్టి, ఆగినప్పుడు పోయే వస్తువులను ఒకదానికొకటి అమర్చడం. కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచిన డేటాబేస్ కనెక్షన్ల నిల్వ), ఎంటిటీ మేనేజర్ ఫ్యాక్టరీ (డేటాబేస్ సెషన్లను తయారుచేసేది), రిపాజిటరీలు (డేటాబేస్‌లో చదివి రాసే క్లాసులు), సర్వీసులు ఈ కోవలోవి. వీటిని కన్‌స్ట్రక్టర్ ద్వారా అందించడం, సరైన వరుసలో తెరవడం, మూసేటప్పుడు తిరుగు వరుసలో మూయడం, ఇదంతా కంటైనర్ చేతిలో పెట్టి నిశ్చింతగా ఉండవచ్చు. డేటాబేస్ సెషన్, ట్రాన్సాక్షన్, పూల్‌లోంచి అరువు తెచ్చుకున్న కనెక్షన్ అలాంటివి కావు. అవి కొన్ని మిల్లీసెకన్లు ఉండి పోవలసినవి. మారతహళ్లి ఆంధ్రా మెస్సులో పొయ్యీ బల్లలూ ఏళ్ల తరబడి ఉంటాయి, విస్తరి మాత్రం మనిషి తిని లేవగానే తీసేస్తారు. ఒకరు తిన్న విస్తరిలో ఇంకొకరికి వడ్డించరు. ఎంటిటీ మేనేజర్, అంటే జేపీఏలో సెషన్, విస్తరి లాంటిది. దాన్ని ఒకేసారి రెండు త్రెడ్లు (ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులు) వాడకూడదు. ఫ్యాక్టరీని ఎన్ని త్రెడ్లైనా వాడుకోవచ్చు. ఈ తేడా తెలియకుండా రెండింటినీ ఒకే రకంగా ఇంజెక్ట్ చేయడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

"మరి స్ప్రింగ్‌లో అప్లికేషన్ అంతటికీ ఒక్కటే ఉండే సింగిల్టన్ సర్వీసులోకి ఎంటిటీ మేనేజర్‌ను ఇంజెక్ట్ చేస్తున్నాం కదా, బాగానే నడుస్తోంది కదా" అంటారు. నిజమే. చేతికి వచ్చేది అసలు ఎంటిటీ మేనేజర్ కాదు కాబట్టి నడుస్తోంది. వచ్చేది ఒక ప్రాక్సీ. దాని మీద మెథడ్ పిలిచిన ప్రతిసారీ అది ప్రస్తుత త్రెడ్‌కు కట్టి ఉంచిన పట్టికలోకి తొంగి చూస్తుంది. అక్కడ నడుస్తున్న ట్రాన్సాక్షన్‌కు చెందిన సెషన్ ఉంటే దాన్ని వాడుతుంది. లేకపోతే, చదివే పని అయితే, ఆ ఒక్క పిలుపు కోసం కొత్త సెషన్ తెరిచి, పని కాగానే మూసేస్తుంది. రాసే పని అయితే ట్రాన్సాక్షన్ లేదని ఎక్సెప్షన్ విసురుతుంది. కాబట్టి ట్రాన్సాక్షన్ లేని చోట, తరువాత చెప్పబోయే ఓపెన్ ఇన్ వ్యూ ఆపి ఉంటే, ఒకే ఐడీతో ఒకే రికార్డును రెండుసార్లు అడిగితే రెండు వేర్వేరు ఆబ్జెక్టులు వస్తాయి. ట్రాన్సాక్షన్ లోపల అయితే రెండుసార్లూ ఒకటే ఆబ్జెక్టు. పై నుంచి చూస్తే కోడ్‌లో అక్షరం తేడా ఉండదు. ఫలితం మాత్రం మారుతుంది. అదే మెథడ్‌లో సగం పనిని ఇంకో త్రెడ్‌కు అప్పగించారనుకోండి, ఆ త్రెడ్ పట్టికలో ఏమీ ఉండదు. అది మీ ట్రాన్సాక్షన్ బయట పనిచేస్తుంది, అక్కడ సొంత ట్రాన్సాక్షన్‌తో ఏదైనా రాస్తే, మీది రోల్‌బ్యాక్ అయినా, అంటే చేసిన మార్పులు వెనక్కి పోయినా, ఆ రాత మిగిలిపోతుంది.

ఇది స్ప్రింగ్ ఒక్కదాని సంగతి కాదు. గూగుల్ నుంచి 2007లో వచ్చిన గైస్ కంటైనర్‌కు జేపీఏను కలిపే చిన్న అనుబంధం ఉంది. దాని పాత వెర్షన్లలో ఎంటిటీ మేనేజర్‌ను అడగగానే, మనం చెప్పకపోయినా, యూనిట్ ఆఫ్ వర్క్ (సెషన్ తెరిచి ఉండే ఒక పని విడత) మొదలైపోయేది. మొదలుపెట్టింది మనం కాదు కాబట్టి ముగించడం ఎవరికీ తోచేది కాదు. త్రెడ్ బతికున్నంతకాలం ఆ సెషన్ కూడా బతికేది. తరువాత అదే త్రెడ్ మీద వచ్చిన వేరే రిక్వెస్టుకు పాత సెషన్‌లో దాచి ఉన్న పాత డేటా కనబడేది. ఈ ప్రవర్తనను తరువాత మార్చారు. రెండు వేర్వేరు బృందాలు, రెండు వేర్వేరు కంటైనర్లు కట్టి, కాలం విషయంలోనే తడబడ్డాయంటే కష్టం ఎక్కడుందో తెలుస్తూనే ఉంది.

అన్నిటికన్నా ఎక్కువగా నేను చూసే నష్టం సొంత మెథడ్‌ను పిలిచేటప్పుడు జరుగుతుంది. ఒక ఆర్డర్ సర్వీసు ఉందనుకోండి. ఫైలులో వచ్చిన ఆర్డర్లన్నిటినీ చదివే మెథడ్ ఒకటి, ఒక్కో ఆర్డర్‌ను భద్రపరిచే మెథడ్ ఇంకొకటి. రెండో దాని మీద ట్రాన్సాక్షనల్ అనోటేషన్ ఉంది. మొదటిది ఒక లూప్‌లో రెండోదాన్ని పిలుస్తుంది. ఆ పిలుపు ప్రాక్సీ గుండా వెళ్లదు. ప్రాక్సీ ఆబ్జెక్టుకు బయట నిలబడి ఉంటుంది, పిలుపు లోపలి నుంచి లోపలికే వెళుతుంది. కాబట్టి ట్రాన్సాక్షన్ మొదలు కాదు. కంపైలర్ నోరు మెదపదు. లాగ్‌లో హెచ్చరిక రాదు. పైగా ప్రోగ్రామ్ పనిచేస్తున్నట్టే ఉంటుంది, ఎందుకంటే స్ప్రింగ్ డేటా రిపాజిటరీలోని సేవ్ మెథడ్‌కు సొంతంగా ట్రాన్సాక్షన్ ఉంది. ఆర్డర్ సేవ్ ఒక ట్రాన్సాక్షన్‌లో, దాని వస్తువుల సేవ్ ఇంకో ట్రాన్సాక్షన్‌లో జరిగిపోతాయి. ఆర్డర్ రాసి, వస్తువులు రాసేలోపు ఏదైనా తప్పు జరిగిన రోజున వస్తువులు లేని ఆర్డర్ ఒకటి డేటాబేస్‌లో మిగులుతుంది. అకౌంట్స్ వాళ్లు నెలాఖరున లెక్క తేలక ఫోన్ చేసేవరకూ ఆ సంగతి ఎవరికీ తెలియదు. మెథడ్ నెత్తిన అనోటేషన్ స్పష్టంగా కనబడుతూనే ఉంటుంది కాబట్టి, రివ్యూ చేసినవాళ్లు, రాసినవాళ్లు, తరువాత తప్పు వెతికేవాళ్లు అందరూ ట్రాన్సాక్షన్ ఉందనే నమ్ముతారు. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. లేని ట్రాన్సాక్షన్ కన్నా, ఉందని చెప్పి లేకుండా పోయే ట్రాన్సాక్షన్ ఎక్కువ ప్రమాదం.

చెక్డ్ ఎక్సెప్షన్ (పట్టుకోమనో ప్రకటించమనో కంపైలర్ పట్టుబట్టే రకం) సంగతి కూడా ఇలాంటిదే. మామూలుగా స్ప్రింగ్ రన్‌టైమ్ ఎక్సెప్షన్‌కు, ఎర్రర్‌కు మాత్రమే రోల్‌బ్యాక్ చేస్తుంది. చెక్డ్ ఎక్సెప్షన్ వస్తే కమిట్ చేస్తుంది, అంటే మార్పులను ఖాయం చేస్తుంది. ఈజేబీ కాలం నాటి అలవాటు అది. ఖాతాలోంచి డబ్బు తగ్గించి, రసీదు ఫైలు రాయబోతే ఐఓ ఎక్సెప్షన్ వచ్చిందనుకోండి. మెథడ్ విఫలమవుతుంది, పిలిచినవాడికి ఎర్రర్ వెళుతుంది, డబ్బు మాత్రం తగ్గే ఉంటుంది. ఎర్రర్ చూసిన మనిషి మళ్లీ నొక్కుతాడు. రెండుసార్లు తగ్గుతుంది. స్ప్రింగ్ 6.2లో అన్ని ఎక్సెప్షన్లకూ రోల్‌బ్యాక్ చేయమని ఒకేచోట చెప్పే వీలు కల్పించారు, అది మంచి పని. మీ ప్రాజెక్టులో అది పెట్టారో లేదో చూసుకోండి.

కిందటేడాది అనంతపురం అమ్మాయి ఒకతె తెచ్చిన సమస్య ఇక్కడ చెప్పాలి. బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. "అన్నా, నేను ఎక్కడా సేవ్ పిలవలేదు. అయినా వస్తువు ధర డేటాబేస్‌లో తగ్గిపోతోంది. పేజీ తెరిచినప్పుడల్లా ఇంకా తగ్గుతోంది" అంది.

"ధర చూపించే మెథడ్ ఒకసారి తెరువమ్మా" అన్నాను.

తెరిచింది. సర్వీసు క్లాసు మొత్తానికి పైన ట్రాన్సాక్షనల్ అనోటేషన్. లోపల వస్తువును చదివి, పదిశాతం తగ్గింపు లెక్కగట్టి, ఆ తగ్గిన ధరను అదే ఎంటిటీలో (టేబుల్‌లోని రికార్డుకు ప్రతిరూపమైన ఆబ్జెక్టులో) పెట్టి, స్క్రీన్‌కు పంపిస్తోంది. ఆమె దృష్టిలో అది చూపించడానికి వాడుకున్న ఆబ్జెక్టు. హైబర్నేట్ దృష్టిలో అది తాను కనిపెట్టుకుని ఉన్న రికార్డు. కమిట్ సమయంలో పాత విలువతో పోల్చి చూసింది, మారింది కాబట్టి అప్‌డేట్ పంపింది. 1000 రూపాయల వస్తువు మొదటిసారి 900, తరువాత 810, ఆ తరువాత 729.

"సేవ్ అంటేనే రాస్తుందనుకున్నాను అన్నా."

"కమిట్ అంటే రాస్తుంది. నీ కోడ్‌లో కమిట్ ఎక్కడుందో చూపించు" అన్నాను. చూపించలేకపోయింది. ఎలా చూపిస్తుంది, ఆమె కోడ్‌లో అది లేదు కదా. క్లాసు పేరుకు పైన ఒక్క పదంలో ఉంది, ఆ క్లాసులో మెథడ్లు స్క్రీన్ మీద ఐదారు పేజీల పొడవున ఉన్నాయి. చదవడానికి మాత్రమే అని అనోటేషన్‌లో రాసి ఉంటే హైబర్నేట్ ఆ మార్పును డేటాబేస్‌కు పంపేది కాదు. అసలు తగ్గింపు ధరను వేరే రికార్డ్ క్లాసులో (డేటా మోయడానికే రాసే చిన్న జావా క్లాసులో) పెట్టి పంపి ఉంటే ఇంత గొడవే లేదు. ఆ రోజు ఆమె రెండోది చేసింది.

ఇక డబ్బు, నిద్ర రెండూ పోగొట్టే సమస్య కనెక్షన్ పూల్ ఖాళీ కావడం. ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. స్ప్రింగ్ బూట్‌తో వచ్చే హికారి పూల్‌లో మనం మార్చకపోతే 10 కనెక్షన్లు ఉంటాయి. వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌లో 200 త్రెడ్లు. ఒక రిక్వెస్టు కనెక్షన్‌ను 20 మిల్లీసెకన్లు పట్టుకుంటే 10 కనెక్షన్లతో సెకనుకు 500 రిక్వెస్టులు పంపవచ్చు. అదే రిక్వెస్టు 2 సెకన్లు పట్టుకుంటే సెకనుకు 5. డేటాబేస్ అదే, క్వెరీలు అవే. మారింది పట్టుకున్న సమయం ఒక్కటే. మిగిలిన 190 త్రెడ్లు వరుసలో నిలబడతాయి, 30 సెకన్లలో వంతు రానివి కనెక్షన్ దొరకలేదని ఎక్సెప్షన్ విసిరి పోతాయి.

ఎవరు 2 సెకన్లు పట్టుకుంటారు అంటారా? ట్రాన్సాక్షనల్ మెథడ్ మధ్యలోంచి పేమెంట్ గేట్‌వేను పిలిచే ప్రతి ఒక్కరూ. ఔటర్ రింగ్ రోడ్డు మీద నేను పనిచేసిన ఒక ఆఫీసులో పండగ అమ్మకాల రోజున సరిగ్గా ఇదే జరిగింది. సాయంత్రానికి సైటు కదలడం మానేసింది. డేటాబేస్ సర్వర్ మీద సీపీయూ దాదాపు ఖాళీగా ఉంది. ఏ త్రెడ్ ఎక్కడ ఉందో చూపే త్రెడ్ డంప్ తీస్తే త్రెడ్లన్నీ కనెక్షన్ కోసం ఒకే వరుస దగ్గర ఆగి ఉన్నాయి. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో చూస్తే ఆ పది కనెక్షన్లూ "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" స్థితిలో, అంటే ట్రాన్సాక్షన్ తెరిచిపెట్టి ఏ పనీ చేయకుండా, కూర్చున్నాయి. బయటి పేమెంట్ సంస్థ ఆ రోజు నెమ్మదిగా జవాబిస్తోంది. దాని జవాబు వచ్చేవరకూ మన డేటాబేస్ కనెక్షన్ మన చేతిలో ఇరుక్కుని ఉంది.

గదిలో ఉన్నవాళ్లు పూల్‌ను 10 నుంచి 100కు పెంచుదామన్నారు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఒప్పుకునేదే మొత్తం 100 కనెక్షన్లు. అప్లికేషన్ నకళ్లు నాలుగు నడుస్తున్నాయి. పెంచితే సైటు ఆగడంతో పోయేది కాదు, నకళ్లు తిరిగి లేవడమే మానేసేవి. పైగా ట్రాన్సాక్షన్లను ఎక్కువసేపు తెరిచి ఉంచితే పోస్ట్‌గ్రెస్ పాత రికార్డులను ఊడ్చుకోలేక టేబుళ్లు ఉబ్బుతాయి.

అసలు పరిష్కారం మెథడ్‌ను మూడు ముక్కలు చేయడం. మొదటి ట్రాన్సాక్షన్‌లో ఆర్డర్‌ను "చెల్లింపు పెండింగ్" అని రాసి కమిట్ చేయాలి. తరువాత ఏ ట్రాన్సాక్షనూ లేకుండా గేట్‌వేను పిలవాలి. జవాబు వచ్చాక రెండో ట్రాన్సాక్షన్‌లో ఫలితం రాయాలి. మధ్యలో సర్వర్ పడిపోతే పెండింగ్‌లో ఉన్నవాటిని తరువాత ఒక జాబ్ గేట్‌వేను అడిగి తేలుస్తుంది. ఇది చెప్పడానికి సులువు. చేయబోతే, మూడు ముక్కలూ ఒకే క్లాసులో ఉన్నాయి కాబట్టి సొంత మెథడ్ పిలుపు సమస్య అడ్డం వచ్చింది. అనోటేషన్ పనిచేయడం కోసమే కొత్త క్లాసు సృష్టించాల్సి వచ్చింది, దానికి అర్థవంతమైన పేరు ఎవరికీ తోచలేదు. డిజైన్‌కు అవసరం లేని క్లాసును ప్రాక్సీ కోసం కట్టడం నాకు సుతరామూ నచ్చలేదు. చివరికి ట్రాన్సాక్షన్ టెంప్లేట్ తెచ్చాం. కన్‌స్ట్రక్టర్‌లో దాన్ని అందుకుని, మెథడ్ లోపల ఎగ్జిక్యూట్ అని పిలిచి, ట్రాన్సాక్షన్‌లో జరగవలసినదంతా ఆ బ్రాకెట్ల మధ్య రాశాం. బ్రాకెట్ మూసుకున్న వరుసలో కమిట్. గేట్‌వే పిలుపు రెండు బ్రాకెట్ల మధ్య, బయట, కళ్లెదుట ఉంది. ఇప్పుడు ఎవరైనా ఆ పిలుపును లోపలికి జరిపితే రివ్యూలో పచ్చగా, ఎర్రగా కనబడుతుంది.

గమనించండి, ఇందులో నేను కంటైనర్‌ను వదులుకోలేదు. టెంప్లేట్‌ను ఇచ్చింది కంటైనరే. ఏ డేటాబేస్, ఏ పూల్, ఏ ట్రాన్సాక్షన్ మేనేజర్ అన్నది కంటైనర్ నిర్ణయించింది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది నేను నిర్ణయించాను. ఏది వాడాలో కంటైనర్ చెప్పవచ్చు, ఎంతసేపు వాడాలో కోడ్ చెప్పాలి.

స్ప్రింగ్ బూట్‌లో ఓపెన్ ఇన్ వ్యూ అనే అమరిక గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మనం ఆపకపోతే అది ఆన్‌లో ఉంటుంది. వెబ్ రిక్వెస్టు మొదలవగానే సెషన్ తెరిచి, జవాబు తయారై వెళ్లేవరకూ ఉంచుతుంది. ట్రాన్సాక్షన్ ఎప్పుడో ముగిసినా, మొదటి క్వెరీకి తెచ్చుకున్న కనెక్షన్ రిక్వెస్టు అయ్యేదాకా చేతిలోనే ఉంటుంది. అంటే పైన చెప్పిన మూడు ముక్కల పద్ధతి పాటించినా, ఇది ఆన్‌లో ఉంటే ఫలితం సున్నా. 2.0 వెర్షన్ నుంచి అప్లికేషన్ లేచిన ప్రతిసారీ లాగ్‌లో దీని గురించి హెచ్చరిక వస్తుంది. బెంగళూరులో నేను చూసిన ప్రాజెక్టుల్లో ఆ హెచ్చరిక ఉన్నవే ఎక్కువ. దాన్ని చదివి ఆపినవి తక్కువ.

ఆపితే లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్లు (ఇంకా తేని డేటాను సెషన్ మూసేశాక అడిగితే వచ్చేవి) వరదలా వస్తాయని భయం. వస్తాయి, నిజమే. ఎంటిటీని కంట్రోలర్ దాకా, జేసన్ దాకా పంపిస్తున్న ప్రతిచోటా వస్తాయి. జవాబు రాసేటప్పుడు ఒక్కో ఆర్డర్‌కు ఒక్కో క్వెరీ చొప్పున నిశ్శబ్దంగా వెళుతున్న చోట్లు కూడా ఇవే. 100 ఆర్డర్ల జాబితాకు 101 క్వెరీలు. ఎక్సెప్షన్ వచ్చిన చోట సర్వీసులోనే కావలసిన డేటాను ఒక జాయిన్ ఫెచ్‌తో (సంబంధిత డేటాను ఒకే క్వెరీలో తెచ్చే పద్ధతితో) తెచ్చుకుని, రికార్డ్ క్లాసులో పోసి పంపితే ఆ సమస్యా పోతుంది, ఈ సమస్యా పోతుంది.

ఎంటిటీలోకి సర్వీసులను ఇంజెక్ట్ చేయాలా అన్న చర్చ చాలా పాతది. ఎంటిటీని పుట్టించేది హైబర్నేట్. ఆర్గుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్‌ను పిలిచి, డేటాబేస్‌లోంచి తెచ్చిన విలువలు నింపుతుంది. కంటైనర్‌కు ఆ ఆబ్జెక్టు పుట్టిన సంగతే తెలియదు. తెలియజేయడానికి స్ప్రింగ్‌లో కాన్ఫిగరబుల్ అనే అనోటేషన్, ఆస్పెక్ట్‌జే అనే పరికరంతో బైట్‌కోడ్ (కంపైల్ అయిన కోడ్) మార్పు ఉన్నాయి. వాటి జోలికి వెళ్లవద్దనే చెబుతాను. అలాగైతే ఎంటిటీలు ఒట్టి డేటా మూటలైపోతాయి, 2003లో ఫౌలర్ రక్తహీనమైన డొమైన్ మోడల్ అని విమర్శించింది దీన్నే కదా అని చదువుకున్నవాళ్లు అంటారు. ఆ విమర్శను నేను గౌరవిస్తాను. కానీ ఎంటిటీకి ప్రవర్తన ఉండటానికీ దాని లోపల సర్వీసు దాగి ఉండటానికీ సంబంధం లేదు. పన్ను లెక్కించాలంటే పన్ను లెక్కించే ఆబ్జెక్టును మెథడ్‌కు ఆర్గుమెంట్‌గా ఇవ్వండి. ఆర్డర్ తన మొత్తాన్ని తానే లెక్కించుకుంటుంది, ఏ రేట్లతో అన్నది పిలిచినవాడు చెబుతాడు. టెస్టు రాయడానికి కంటైనర్ అక్కరలేదు, డేటాబేస్ అక్కరలేదు.

టెస్టుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. టెస్టు క్లాసు మీద ట్రాన్సాక్షనల్ పెట్టి, టెస్టు అయ్యాక రోల్‌బ్యాక్ అయ్యేలా రాయడం అందరికీ అలవాటు. ఆ టెస్టు అంతా ఒకే పెద్ద ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది. సర్వీసులో మీరు మర్చిపోయిన ట్రాన్సాక్షన్‌ను టెస్టు అరువిస్తుంది. లేజీ ఫీల్డు అక్కడ తెరుచుకుంటుంది, ప్రొడక్షన్‌లో తెరుచుకోదు. కమిట్ జరగదు కాబట్టి కమిట్ సమయంలో తేలే తప్పులు తేలవు. డేటాబేస్‌తో పనిచేసే టెస్టులకు ఆ అనోటేషన్ తీసేసి, ప్రతి టెస్టుకు ముందు టేబుళ్లు ఖాళీ చేసి, టెస్ట్ కంటైనర్స్ అనే లైబ్రరీతో అసలు పోస్ట్‌గ్రెస్ మీద నడపండి. కాస్త నెమ్మదిగా నడుస్తాయి. నడిచినవి నిజం చెబుతాయి.

నా వాదనకు ఎదురు వాదన బలమైనదే ఒకటుంది. పెద్ద టీముల్లో సగంమంది కొత్తవాళ్లు ఉంటారు, వాళ్లకు టెంప్లేట్ ఇస్తే ట్రాన్సాక్షన్ పెట్టడమే మర్చిపోతారు, క్లాసు మీద అనోటేషన్ ఉంటే కనీసం ఏదో ఒక రక్షణ ఉంటుంది అంటారు. టీమును నడిపేవాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. డేటాబేస్‌తో తప్ప దేనితోనూ మాట్లాడని, బయటినుంచి మాత్రమే పిలిచే పబ్లిక్ మెథడ్ మీద అనోటేషన్ ఉంటే నేనూ రివ్యూలో ఒప్పుకుంటాను. నెట్‌వర్క్ పిలుపు, ఫైలు, మెసేజ్ క్యూ, ఇంకో త్రెడ్, వీటిలో ఏది కనబడినా అనోటేషన్ తీసి టెంప్లేట్ పెట్టమంటాను. కొత్తవాళ్లు మర్చిపోతారన్న భయం గురించి మాత్రం నా అనుభవం వేరు. కళ్లెదుట ఉన్నదాన్ని వాళ్లు త్వరగా నేర్చుకుంటారు. ఆ అనంతపురం అమ్మాయి ఇప్పుడు తన టీములో రివ్యూ చేస్తూ "కమిట్ ఏ వరుసలో?" అని అడుగుతోంది.

ఈ విషయం ఇప్పుడు ఇంకా అత్యవసరం కావడానికి కారణం వర్చువల్ త్రెడ్లు, అంటే వేలల్లో పుట్టించగల తేలికపాటి త్రెడ్లు. 2023 సెప్టెంబరులో జావా 21తో వచ్చాయి, రెండు నెలల్లో స్ప్రింగ్ బూట్ 3.2 వాటిని ఒక్క అమరికతో అందించింది. ఇప్పటిదాకా టామ్‌క్యాట్‌లోని 200 త్రెడ్ల పరిమితి తెలియకుండానే మనల్ని కాపాడుతూ వచ్చింది. కనెక్షన్ కోసం నిలబడే వరుస 190 దగ్గర ఆగేది, మిగిలిన రిక్వెస్టులు బయటే ఉండేవి. వర్చువల్ త్రెడ్లు ఆన్ చేస్తే ఆ గేటు తీసేసినట్టే. పూల్ అదే 10, వరుసలో వేలమంది. కనెక్షన్‌ను 2 సెకన్లు పట్టుకునే మెథడ్ ఒక్కటున్నా, దానితో సంబంధం లేని లాగిన్ పేజీ కూడా 30 సెకన్ల తరువాత ఎర్రర్ చూపిస్తుంది. వర్చువల్ త్రెడ్లు ఆన్ చేసేముందు మీ ట్రాన్సాక్షన్ల నిడివి కొలవండి.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కరలేదు. హికారిలో లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ అనే అమరిక ఉంది. మామూలుగా అది ఆపి ఉంటుంది. దానికి 2000 మిల్లీసెకన్లు ఇవ్వండి, అంతకన్నా తక్కువ అది ఒప్పుకోదు. ఎవరైనా కనెక్షన్‌ను రెండు సెకన్లకు మించి పట్టుకుంటే, ఏ వరుసలో తీసుకున్నారో స్టాక్ ట్రేస్‌తో సహా లాగ్‌లో రాస్తుంది. ఆ ట్రేస్‌లో స్ప్రింగ్, హైబర్నేట్ పేర్లు వదిలేసి, మీ సొంత ప్యాకేజీ పేరు మొదట కనబడే చోటికి వెళ్లండి. ఆ మెథడ్‌లో నెట్‌వర్క్ పిలుపు ఉందేమో చూడండి. ఉంటే ముందుగా ముక్కలు చేయవలసింది దాన్నే. ఓపెన్ ఇన్ వ్యూను ఆ తరువాత, ఒక్కో కంట్రోలర్ సరిచేసుకుంటూ, అన్నీ అయ్యాక ఆపండి. పాత ప్రాజెక్టులో రెండూ ఒకే రిలీజులో పెట్టకండి, తప్పు జరిగితే దేనివల్లనో తేల్చుకోవడం కష్టం.